నవల వాడే విధానం

పుంగనూరు

డాక్టర్ జయచంద్ర గారికి, టైలర్ ఆదెప్ప దండం పెట్టి రాసేది.

బస్టాండు అంగట్లో బీపీ, షుగరు పుస్తకాల పక్కన మీ 'నాలుగు గదుల గుండె' కనిపించింది. మీ పేరు కింద ఎంబీబీఎస్ అని ఉంటే తీసుకున్నా. సగం చదివినా, ఏం తినల్ల, ఏం తినకూడదు అని ఒక్క ముక్క లేదు. ఆ సురేంద్ర అనే పేషెంటు సాయంత్రమైతే కుప్పం స్టేషన్లో కూర్చోని రైళ్లు సూస్తాండాడు, అంతే. ఇది ఎన్నాళ్ల కోర్సు సార్?

ఇట్లు,
గుండెలో బరువుతో,
ఆదెప్ప

తా.క.: మా ఊర్లో రైలు లేదు. బస్సులు సూస్తే పని చేస్తాదా?

కుప్పం

నా ఏకైక పాఠకులు ఆదెప్పగారికి, ఆ పుస్తకం రాసిన పాపాన్ని మూటగట్టుకున్న జయచంద్ర నమస్కారాలు.

నవల అచ్చయ్యాక నాకు వచ్చిన మొదటి ఉత్తరం మీదే. ఆస్పత్రిలో రోజంతా జనం నాతో మాట్లాడతారు గానీ, అందరూ దగ్గుతోనే మొదలుపెడతారు. అందుకే మీ కవరును కుట్లు విప్పినంత జాగ్రత్తగా విప్పాను.

అయ్యా, అది వైద్య గ్రంథం కాదు, నవల. సురేంద్ర పేషెంటు కాడు, కథానాయకుడు. వాడిది జబ్బు కాదు, ఒంటరితనం. ఇంతకీ మీ 'బరువు' ఉపమానమా, నొప్పా? నొప్పయితే వెంటనే మదనపల్లె వెళ్లి ఈసీజీ తీయించుకోండి. కింద నా నంబరు ఉంది, ఫోన్ చేయండి.

భవదీయుడు,
జయచంద్ర

తా.క.: పుస్తకం నచ్చిందా? (వైద్యపరంగా కాదు.)

పుంగనూరు

డాక్టరప్పకు ఆదెప్ప రాసేది.

ఫోన్ చేద్దామంటే నాలుగు మాటలకే ఆయాసం వస్తాండాది. ఉత్తరమైతే మిషన్ మీద తల ఆనించుకోని నిదానంగా రాయొచ్చు.

సురేంద్రకు మాదిరే నాకూ ఎడమ చెయ్యి లాగుతాది. మా ఇంటామె పోయినాక మాట్లాడేకి ఎవురూ లేరు. మీరే జబ్బు కాదు, ఒంటరితనం అన్నారు. ధైర్యం వచ్చింది. ఆయప్ప యాడా ఈసీజీ తీయించుకోలేదే! ఆఖర్న ఆ సుమలత అనే ఆమె రైలు దిగుతానే నొప్పి పోయింది కదా. నేనూ దినామూ బస్టాండులో కూర్చుంటాండా. నాకూ ఎవురో ఒకరు దిగుతారు.

మీ మందు వదలని,
ఆదెప్ప

తా.క.: సురేంద్ర చొక్కా గుండీ ఊడింది, ఆఖరు దాకా ఎవురూ కుట్టలేదు. నాకు నిద్ర పట్టలేదు.

కుప్పం

ఆదెప్పగారికి, జయచంద్ర అత్యవసరంగా వ్రాయునది.

ఘోరం జరిగింది. బైండింగులో ఒక అధ్యాయం ఎగిరిపోయింది. సుమలత రాకముందు జరిగేది. ఇక్కడ డాక్టరును నేనొక్కడినే, కదల్లేను. కాబట్టి మీ ఊరి మీదుగా వెళ్లే మదనపల్లె బస్సు కండక్టరు నరసింహులు చేతికిచ్చి పంపుతున్నాను.

"ఆ రోజు సురేంద్ర రైళ్లు చూడలేదు. ఉత్తరం తెచ్చిన కండక్టరు 'ఎక్కన్నా' అన్నాడు. ఎక్కాడు. మదనపల్లెలో దిగి, నేరుగా గుండె డాక్టరు దగ్గరికి వెళ్లి, ఈసీజీ తీయించుకున్నాడు."

ఇట్లు,
రచయిత

తా.క.: శైలి బాగా లేదని నాకూ తెలుసు. విమర్శ తర్వాత. ముందు బస్సు.

మదనపల్లె, ఆస్పత్రి

తమ్ముడు జయచంద్రకు, అన్న ఆదెప్ప దీవించి రాసేది.

రక్తనాళం మూసుకుపోయి ఉండిందంట. స్టెంటు పెట్టినారు. ఇంకొన్నాళ్లు బస్సులు సూస్తా కూర్చోనుంటే ఆడ్నే పోయుందువు అని పెద్ద డాక్టరు తిట్టినాడు.

ఆ అధ్యాయం నువ్వు అప్పటికప్పుడు నా కోసరమే రాసినావని బస్సు ఎక్కక ముందే తెలుసు. పుస్తకమంతా ఎతికినా, సురేంద్రను ఒక్కరన్నా 'అన్నా' అని పిల్సలేదప్పా. నువ్వు పంపిన కాగితంలోనే 'ఎక్కన్నా' అని ఉండాది. అది సూసే ఎక్కినా.

ఆదివారం ఇంటికి పంపిస్తారు. తోడు మనిషి వస్తేనే వదుల్తారంట. "నీకు ఎవురుండారు?" అని నర్సమ్మ అడిగింది. పుస్తకం అట్ట మీది నీ ఫొటో సూపించినా. "తమ్ముడా? పోలికలు ఉండాయి" అనింది. నేను కాదనలేదు.

ఎదురుచూస్తాండే,
ఆదెప్ప

తా.క.: ఇంకో నవల మొదలుపెట్టుంటే ఆపు. నీకు మాట్లాడేకి మనిషి ఉండాడు.