తియ్యని బావి మీద తగాదా

ప్రియమైన అక్కకి,

ఇంకా నోరు పనిచేస్తున్న నీ దర్జీ తమ్ముడు రాయునది. ఫోను చేస్తే నా మాటల్లో సగమే నీ చెవికి చేరుతున్నాయి, మిగతా సగం మీ అల్లుడు వింటున్నాడు. కాగితం మీదైతే నేను అరవక్కర్లేదు, నువ్వు "ఆఁ? ఆఁ?" అనక్కర్లేదు.

ఇక్కడో విడ్డూరం జరుగుతోంది. మన పంపుహౌసు బావి నీళ్ళని శుద్ధి చేయడానికి ఏం కట్టాలో, ఎలా కట్టాలో గీసిమ్మని నగరపాలకులు ఇంజనీర్లకి కాంట్రాక్టు ఇచ్చారు. కొబ్బరినీళ్ళలాంటి నీళ్ళకి శుద్ధి! అందగాడికి అద్దెకోటు తొడిగినట్టు. కోటంటే గుర్తొచ్చింది, మన ఫొటో స్టూడియో ఆయన పెళ్ళికి నేను కుట్టిన కోటు తెలుసుగా? కోటు అమోఘంగా కుదిరింది, పెళ్ళే కుదర్లేదు. సరే, అది వేరే కథ.

వీధివాళ్ళంతా నా కొట్లో చేరారు. "నోరున్నవాడివి, నగరపాలకులు పెట్టే సభలో నువ్వే మాట్లాడాలి మావయ్యా" అన్నారు. నోరుందని పిలిచి మరీ చెప్తే ఎవడు కాదంటాడు? శుద్ధీ వద్దు, దాని ఖర్చుకని పెంచబోయే కుళాయి పన్నూ వద్దు అని చెప్పేస్తాను.

నీ అరచేతులు గరుకెక్కి, వేళ్ళు మొద్దుబారుతున్నాయని రాశావు. వైద్యానికని కూతురింటికి వెళ్ళావు కానీ, అక్కడి నీళ్ళు నీకు పడుతున్నట్టు లేవు. ఎప్పటిలాగే బస్సు కండక్టరుతో మన బావి నీళ్ళు డబ్బాలో పంపుతున్నాను. నా పద్ధతి మర్చిపోకు. సగానికి సగం మరిగించు, సారం చిక్కబడుతుంది. కషాయం సూత్రం. బడికి వెళ్ళకపోయినా ఇలాంటివి నాకు వాటంతటవే తడతాయి. వీధి వీధంతా చెప్పాను, ఇన్నేళ్ళూ పాటించింది నువ్వొక్కదానివే. నాకైతే అంత ఓపికేదీ, కుండలో ముంచుకోవడం, తాగేయడం.

నీ వాగుడుకాయ
తమ్ముడు

*

ఒరేయ్ నాన్నా,

డబ్బా అందింది. కండక్టరు మంచివాడు, గుమ్మం దాకా మోసుకొచ్చి "మీ తమ్ముడుగారు దారంతా సరిపడే కబుర్లు కూడా ఎక్కించారమ్మా" అని నవ్వాడు.

నా ఒంట్లో పర్లేదు. కాస్త ఆయాసం, అంతే. డాక్టరుగారు చూస్తున్నారుగా.

నీకో మాట చెప్పాలి, ఎదురు చెప్పకు. ఇకమీదట స్టేషను దగ్గర కుళాయి నీళ్ళే తెచ్చుకుని తాగు. అవి నదిలోంచి వచ్చే నీళ్ళు. రోజూ అంత దూరం నడిస్తే నీ మోకాళ్ళు సాగుతాయి. పక్కింటి కోడలికి కూడా చెప్పు, చంటిదానికి అవే పట్టమను. నా మీద ఒట్టు. ఎందుకూ అని అడగకు, పెద్దదాన్ని చెప్తున్నాను.

ఆ సభలో మరీ రెచ్చిపోకురా. వచ్చిన ఇంజనీర్లు కూడా ఎవరో కన్న పిల్లలేగా.

మీ
అక్క

*

ప్రియమైన అక్కకి,

నీ ఒట్టు నా ప్రాణానికొచ్చింది. బిందె భుజాన పెట్టుకుని స్టేషను దాకా పోయి వస్తుంటే, పోర్టరు పని దొరికిందా అని అడుగుతున్నారు జనం.

ఇంజనీర్లలో ఒక అమ్మాయి ఉంది. పంపుహౌసులో మనిషెత్తు గాజుగొట్టాలు నిలబెట్టి, వాటినిండా తుప్పురంగు గుళికలు పోసి, అందులోంచి మన నీళ్ళు పంపిస్తోంది. అడుగున రాళ్ళలోంచి విషం ఊరుతోందట, ఆ గుళికలకి అంటుకుపోతుందట. సంచి పట్టీ తెగిందని నా కొట్టుకొచ్చింది.

"ఆర్సెనిక్ అండీ. రంగుండదు, వాసనుండదు, రుచి తెలీదు" అంది.

"అచ్చం మా పాలకుల పనితనంలాగే" అన్నాను. పాపం, నవ్వింది.

"మరిగించి తాగితే?"

"ఇంకా ప్రమాదం తాతగారూ. నీళ్ళు ఆవిరైపోతాయి, విషం ఎక్కడికీ పోదు. ఇంకా చిక్కబడుతుంది."

"పుట్టిందగ్గర్నించీ తాగుతున్నాను, నాకేమైంది?"

"అందరి మీదా ఒకేలా పనిచేయదండీ" అని పట్టీ లాగి చూసుకుంటూ వెళ్ళిపోయింది. కుట్టు గట్టిదే, నా వాదనే కాస్త వదులైందేమో అనిపించింది. కానీ సభ రోజు జనాన్ని చూసేసరికి అదంతా ఎగిరిపోయింది. అందరి ముందూ బావి నీళ్ళు గ్లాసుడు గటగటా తాగాను. ఒట్టు ఆ ఒక్క గ్లాసుకి సడలించు. "నేను పడిపోతే కాంట్రాక్టు ఉంచండి, నిలబడితే టిఫిను పెట్టించండి!" అన్నాను. పైకప్పు ఎగిరేలా నవ్వారు. ఆ అమ్మాయి లెక్కలు చదవబోతే ఒక్కడూ విననివ్వలేదు. పై వారం మళ్ళీ సభ. కాంట్రాక్టు రద్దవడం ఖాయమంటున్నారు.

ఎందుకోగాని, ఇంటికొచ్చాక అన్నం సయించలేదు. టిఫిను ఎక్కువైందేమో.

నీ
తమ్ముడు

*

ప్రియమైన తమ్ముడికి,

నేను చెప్తుంటే మా అమ్మాయి రాస్తోంది. నా వేళ్ళకి కలం నిలవడం లేదు.

ఈ ఉత్తరం రాయకూడదనే అనుకున్నాను. నీ సభ గురించి చదివాక రాయక తప్పలేదు.

నాకున్నది ఆ నీళ్ళ జబ్బేరా. ఇక్కడికి రాగానే డాక్టరుగారు అరచేతులు చూసి, ఏ నీళ్ళు తాగేవారని అడిగారు. నువ్వు పంపిన మొదటి డబ్బానే పరీక్షకి పంపారు. ఆయనే మీ పాలకులకి రాసి, ఊళ్ళో నీళ్ళు పరీక్ష చేయించారు. కాంట్రాక్టు అలా వచ్చింది. నా పేరు బయటపెట్టొద్దని చేతులు పట్టుకున్నాను. ఎలాగూ శుద్ధి కట్టేస్తారు, నీకు తెలియకుండానే అంతా అయిపోతుంది అనుకున్నాను. నువ్వు అడ్డం పడతావని తట్టలేదు. తట్టాల్సింది, నిన్ను పెంచినదాన్ని.

అప్పట్నించీ ఆ నీళ్ళు ముట్టలేదు. కానీ డబ్బా దిగిన రోజు నువ్వే వచ్చినట్టుండేది, వద్దనలేకపోయాను.

ఊపిరితిత్తుల దాకా పాకిందట. మందులు ఇక పనిచేయవన్నారు. నాకేం కోపం లేదురా. పక్కింటి చంటిది మాత్రం పెద్దదవ్వాలి. నీ మాటకి ఆగిన పనిని నీ మాటే కదిలించాలి, ఇంకెవరు చెప్పినా వినరు. వెళ్ళి చెప్పు.

నా బంగారు కొండా, ఏడవకు.

అక్క

*

అక్కా,

నిన్న సభకి వెళ్ళాను. నేను లేచి నిలబడగానే నవ్వడం మొదలెట్టారు. "మా అక్క చనిపోబోతోంది, ఈ నీళ్ళ వల్లే" అన్నాను. ఇంకా నవ్వారు. ముందు వరుసలో ఒకాయన కడుపు పట్టుకున్నాడు. తర్వాతి మాటకోసం ఎదురుచూశారు.

తర్వాతి మాట లేదు. అలాగే నిలబడ్డాను. నేను నోరు మూసుకుని ఉండడం వాళ్ళెప్పుడూ చూడలేదు. ఒక్కొక్కరే నవ్వు ఆపారు. ఫొటో స్టూడియో ఆయన లేచొచ్చి నా భుజం పట్టుకుని కూర్చోబెట్టాడు. అప్పుడు ఆ అమ్మాయి లెక్కలు చదివింది. చివరిదాకా విన్నారు. చేతులెత్తమంటే ఎత్తారు. గుళికల తొట్లు కడతారట.

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో. మరిగించిన సంగతి ఎక్కడా లేదు. నువ్వు రాయలేదు గనక నేనూ అడగను.

రేపు పొద్దున బస్సుకి వస్తున్నాను. చెప్పడానికి కబుర్లేమీ లేవు. ఊరికే నీ పక్కన కూర్చుంటాను.

తమ్ముడు