పాటకు తిరిగొచ్చిన పడవలు

శుక్రవారం, రాత్రి

డూమ్ మెటల్ అనే నెమ్మదైన, బరువైన రాక్ సంగీతం వాయించే ఒక పాత బ్యాండు కొత్త ఆల్బమ్ మీద రేపు మా పత్రికకు సమీక్ష ఇవ్వాలి. మా ఆవిడ ఆ పాటలు ఇంట్లో పెట్టనివ్వదు. అందుకే సాయంత్రం వాకాడు దగ్గర సముద్రపు ఒడ్డున కారు తలుపులు తెరిచి, సౌండు పెంచి విన్నాను. గిటారు ఒకే స్వరం మీద చాలాసేపు మూలిగింది. చేపలు ఎండబెడుతున్న ఆడవాళ్లు అది తుఫాను సైరన్ అనుకుని, వేటకెళ్లిన మగవాళ్లకు ఫోన్లు చేశారు. పాట అయ్యేలోపు పడవలన్నీ ఒడ్డుకొచ్చాయి.

“ఏందన్నా ఇది? ఉత్త వలలతో వచ్చేసినాం!” అన్నాడు పడవ దిగిన పోలయ్య.

“పాట.”

“పాటా? పాడేవోడేడీ?”

“ఇంకా మొదలుపెట్టలేదు.”

“అయితే ఇంకోటి పెట్టబాకన్నా!”

సమీక్షలో విశేషణాలు వాడలేదు. మొదటి పాటకే పడవలు తిరిగొచ్చాయని రాశాను. ఎడిటర్ నమ్మకపోయినా ఫరవాలేదు. నా భయమల్లా, నిజంగా తుఫాను సైరన్ మోగిన రోజు, ‘రిపోర్టరన్న మళ్లీ పాట పెట్టినాడు’ అని వీళ్లు కదలకపోతే...