పదిహేడో నంబరు ట్యూబు

ప్రియమైన తమ్ముడికి,

నీ రక్తపరీక్ష ఫలితం వచ్చింది. చాలా బాగుంది. అదే నాకు నచ్చలేదు.

మా ల్యాబులో జరుగుతున్న పరిశోధన గురించి చెప్పాను కదా. ఒంట్లో కొవ్వు ఊరికే మూల కూర్చునే సరుకు కాదు, అది కూడా రక్తంలోకి హార్మోన్లు వదులుతుంది. వాటిలో అడిపొనెక్టిన్ అనేది రక్తనాళాలను కాపాడే రకం. మనిషి లావెక్కేకొద్దీ మామూలుగా అది తగ్గుతుంది. గుండె నాళాలు పూడిపోతున్న వాళ్లలో కూడా తక్కువగా ఉంటుందా అని చూస్తున్నాం. నూట పది కిలోల నీకు అది అడుగంటి ఉండాలి. నీ ట్యూబులో నిండుగా ఉంది.

నిజం చెప్పు, ఆ రక్తం ఎవరిది? బళ్లో టీకాలు వేసిన రోజు నీ బదులు పక్కింటివాణ్ణి వరసలో నిలబెట్టిన ఘనుడివి. ఐసు పెట్టెలో రక్తం పంపిన మీ వీధి నర్సు రోజూ నీ బేకరీలో బన్ను కొనుక్కునే మనిషి. మా పరిశోధనలో పోల్చి చూడ్డానికి తీసుకునే జబ్బు లేనివాళ్ల వరసకి ఒకరు తక్కువైతే నేనూ చెయ్యి చాచాను. రోజూ అందరి రక్తం చూసేదాన్ని, నా సూదికి మాత్రం గోడవైపు తిరిగాను. అయినా ఇచ్చాను. నాన్న యాభై రెండుకే గుండెతో పోయాడు. నీకు నలభై ఆరు.

ఇక్కడ లిఫ్టు పాడైంది. ల్యాబు నాలుగో అంతస్తులో. రెండో అంతస్తు దగ్గర చెప్పు పట్టీ వదులై, ఆగి బిగించుకోవాల్సి వస్తోంది.

నీ మంచి కోరే,
అక్క

*

అక్కా,

ప్రియమైన అని రాద్దామనుకున్నాను, కోపంతో చెయ్యి రాలేదు.

ఆ రక్తం నాదే. టీకా నేరానికి ముప్పై ఐదేళ్లుగా శిక్ష అనుభవిస్తూనే ఉన్నాను, ఇంకెన్నాళ్లు? లావు మనిషి రిపోర్టు బాగుంటే అది దొంగ రిపోర్టేనా? రోజూ పిండి బస్తాలు మోస్తాను, నీలా స్టూలు మీద కూర్చోను.

నాకూ ఒక అనుమానం ఉంది. నా ఒంటి గురించి పేజీలు రాస్తావు, నీ ఒంటి సంగతి ఒక్క ముక్క రాయవేం? కొత్త చెప్పులు కొనుక్కో.

అలిగిన నీ,
గుమ్మడికాయ

*

ప్రియమైన గుమ్మడికాయకి,

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడట. తప్పు లేకపోతే అంత కోపం ఎందుకు? మళ్లీ రక్తం ఇవ్వు. ఈసారి నా మరదలు పక్కన నిలబడి చూసి, కాగితం మీద సంతకం పెట్టాలి.

ఇంకో కారణం కూడా ఉంది. జబ్బు లేనివాళ్ల వరసలో పదిహేడో నంబరు ట్యూబులో అడిపొనెక్టిన్ అడుగంటింది. నీది, అది తారుమారయ్యాయేమో అని చూశాను. కాలేదు, నీ నంబరు నేనే అంటించాను. మిగతా పేర్లు హెడ్ నర్సు దగ్గరుంటాయి, మాకు చెప్పరు. ఎవరో పాపం, తనకేమీ లేదనుకుని తిరుగుతున్నారు.

నా ఒంటికేం? నలభై ఎనిమిది కిలోల ఈనెపుల్లని. కొత్త చెప్పులు కొన్నాను. వాటి పట్టీ కూడా రెండో అంతస్తు దగ్గరే వదులవుతోంది. మెట్లెక్కితే దవడ లాగుతోంది, ఆ పన్ను పీకించుకోవాలి.

అక్క

*

ప్రియమైన అక్కకి,

మళ్లీ ఇచ్చాను. నీ మరదలు సంతకంతో ఆగకుండా వేలిముద్ర కూడా వేసింది. "వదినకి నా మీదా నమ్మకం లేదా" అంది. అది పక్కన పెట్టు.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. చెప్పులు మారినా పట్టీ అక్కడే వదులవడమేమిటి? చివరి ఏడాది నాన్న మేడ మెట్ల మధ్యలో ఆగి, వంగి చెప్పు సర్దుకునేవాడు. నేను వెనక నిలబడి నవ్వేవాణ్ణి. ఒకరోజు వట్టి కాళ్లతో ఎక్కుతూ కూడా వంగాడు. అప్పుడైనా అమ్మకి చెప్పాల్సింది. చెప్పలేదు.

ఇప్పుడు చెబుతున్నాను. పదిహేడో నంబరు ఎవరో అడుగు. నువ్వు అడగకపోతే బేకరీ మూసి నేనే వచ్చి అడుగుతాను. నాకు భయంగా ఉంది అక్కా.

నీ తమ్ముడు

*

ప్రియమైన తమ్ముడికి,

నీ రెండో ట్యూబు కూడా బాగుంది. నన్ను క్షమించు. అయినా ఒళ్లు తగ్గించు.

నీ ఉత్తరం చదివి రెండు రోజులు కోపంతో ఊరుకున్నాను. మూడో రోజు రెండో అంతస్తు దగ్గర వంగి, పట్టీ చూశాను. బిగుతుగానే ఉంది. అన్నాళ్లూ ఒక్కసారి కూడా చూడలేదురా. తిన్నగా హెడ్ నర్సు దగ్గరికి వెళ్లి పదిహేడు ఎవరని అడిగాను. ఆవిడ కళ్లద్దాలు తీసి, "నీదే కదమ్మా. గోడకేసి చూస్తూ కూర్చుంటే నంబరెలా తెలుస్తుంది?" అంది.

ఆ ఒక్క అంకెతో ఏదీ తేలదు. కానీ మెట్ల సంగతి, దవడ సంగతి చెప్పగానే గుండె డాక్టరు నన్ను ఇంటికి పోనివ్వలేదు. యాంజియోగ్రాం తీస్తే ఒక నాళం ముప్పాతిక పూడి ఉంది. నిన్న స్టెంటు వేశారు. పన్ను మాత్రం గట్టిగానే ఉందట.

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికాను. నీ లావు చూసి, నాన్న జబ్బు నీకే వచ్చిందని తీర్మానించేశాను.

వారం తర్వాత మెల్లగా మెట్లెక్కమన్నారు. బేకరీ మూసి రా. నువ్వు నా వెనకే ఎక్కు. నేను వంగితే ఈసారి నవ్వకు, ఎవరికైనా చెప్పు.

నీ,
ఈనెపుల్ల