అదీ వంకే అనుకున్నాను

11 జూన్ 2007, సోమవారం
కల్పలత రెండు సినిమా టిక్కెట్లు తెచ్చి నా చేతిలో పెట్టింది. మా పెళ్ళిరోజు కానుకట. ఆదివారం సాయంత్రం ఆట, కొత్త మల్టీప్లెక్సులో. మనవడు యశ్వంత్ ఆఫీసులో కూర్చుని ఇంటర్నెట్‌లో బుక్ చేశాడు. ఎప్పుడు జూసినా ఇంట్లనే ఉంటరు నానమ్మా, జెర తాతను తీస్కొని బయటికి పోయి రాండ్రి అంది. అల్వాల్ పిల్ల. మా మనవణ్ణి చేసుకుని మారేడ్‌పల్లి వచ్చి ఏడాదైనా ఆ యాస మారలేదు. వినడానికి బాగానే ఉంటుంది.
ఆయన పేపరు దించకుండానే, హాల్లో ఏసీ నాకు పడదన్నారు.

13 జూన్, బుధవారం
మోకాలు పట్టేసిందట. సాయంత్రం ఆ మోకాలితోనే మార్కెట్టుకి నడిచి వెళ్ళి, మామిడిపళ్ళు బేరమాడి తెచ్చారు.

15 జూన్, శుక్రవారం
ఈ రోజు వంక, సౌండుకి గుండె దడ. నేను లెక్కల టీచరుగా రిటైరైనదాన్ని. హోంవర్కు చెయ్యని పిల్లల వంకలు ఇంతకంటే నయంగా ఉండేవి. ఆ మాటే అన్నాను. ఏటే ఈ శిక్ష, టీచరుగారు బెత్తం తీశాక రాక చస్తానా అన్నారు. ఎదురుగా నవ్వలేదు. వంటింట్లోకి వెళ్ళి నవ్వుకున్నాను.

17 జూన్, ఆదివారం, సాయంత్రం 5.30
బయల్దేరుతున్నాం. ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. ఇన్సులిన్ ఇచ్చేశాను. రెండు చపాతీలూ బీరకాయ కూరా డబ్బాలో సర్దాను. సినిమా మొదలయ్యేలోపు తినిపిస్తాను.

18 జూన్, సోమవారం
రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా రాస్తాను.
గేటు దగ్గర సెక్యూరిటీ అతను డబ్బా తీసి టేబుల్ మీద పెట్టాడు. బయటి తిండి లోపలికి నడ్వదమ్మా, పోయేటప్పుడు తీస్కోండ్రి అన్నాడు. షుగర్ పేషెంటని చెప్తే వదిలేవాడేమో. చెప్పలేదు. రూలంటే రూలని పిల్లలకి చెప్పీ చెప్పీ అరిగిపోయిన నోరు నాది.
లోపల సమోసాలు వేడివేడిగా ఉన్నాయి. ఆయన అటే చూస్తున్నారు. ఒక్కటి తింటానే అన్నారు. షుగరు మనిషి తినే తిండి కాదది అన్నాను. ఇంటర్వెల్లో బయటికెళ్ళి ఇడ్లీ తినొద్దాం, కాస్త ఆలస్యమైతే ఏమీ కాదు అన్నాను.
సినిమా మొదలైన కాసేపటికి నా చెయ్యి పట్టుకున్నారు. కళ్ళు తిరుగుతున్నాయే అన్నారు. అదీ వంకే అనుకున్నాను, సమోసా కోసం. అనుకుని ఊరుకున్నానా! నోరు మూసుకుని సినిమా చూడండి అన్నాను. ముందు వరసవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. ఆయన నోరు మూసుకున్నారు.
హాలంతా నవ్వుతోంది. నేనూ నవ్వాను. ఆయన తల నా భుజం మీద వాలింది. నిద్రపోతున్నారని విసుక్కుని తోశాను. చొక్కా తడిగా తగిలింది. అంత ఏసీలో చెమట. పేరు పెట్టి పిలిచాను. పెళ్ళయ్యాక ఎప్పుడూ పిలవలేదు. రామభద్రరావుగారూ అంటే కళ్ళు సగం తెరిచారు.
పక్క సీటు అమ్మాయి తన కూల్‌డ్రింకు ఆయన నోటికి పట్టింది. మింగండంకుల్, కొంచెం కొంచెం మింగండి అని బతిమాలింది. మింగారు.
నర్సింగ్ హోంలో గ్లూకోజు ఎక్కించారు. ఇన్సులిన్ మీద తిండి పడక షుగరు బాగా దిగిపోయిందట. యశ్వంత్ పరిగెత్తుకొచ్చాడు. పక్కనే నానమ్మ ఉంది కదా తాతయ్యా, చెప్పడానికి నోరు లేదా అని కేకలేశాడు. సినిమా బాగుందిరా, చెప్పడం మర్చిపోయాను అన్నారాయన.
నేను అక్కడే ఉన్నాను. మందుల చీటీ మడతపెడుతున్నాను.

19 జూన్, మంగళవారం
గట్ల ఊకుంటరా తాతా, మమ్ముల ఎంత పరేషాన్ చేసిన్రు అని ఇవాళ కల్పలత వంతు. ఆయన తల వంచుకుని విన్నారు. నాకు రావలసిన చివాట్లు కూడా ఆయనే తింటున్నారు.

21 జూన్, గురువారం
ఎలా ఉంది అంటే బాగానే ఉంది. ఎప్పుడడిగినా అదే మాట.

22 జూన్, శుక్రవారం
గోడ పట్టుకుని నిలబడి ఉన్నారు. ఏమైందండీ అన్నాను. ఏం లేదే అన్నారు. మీటరు పెట్టి చూస్తే షుగరు బాగా పడిపోయి ఉంది. పంచదార నీళ్ళు తాగించాను. ఎందుకు చెప్పలేదని అడగాలి. ఏ మొహం పెట్టుకుని అడగను? ఇలాగే ఒకరోజు చెప్పకుండానే పడిపోతారు.

23 జూన్, శనివారం
టిఫిన్ దగ్గర అందరి ముందూ చెప్పేశాను. తాతయ్య ఆ రోజు చెప్పారు, నేనే నోరు మూసుకోమన్నాను అని. యశ్వంత్ చేతిలో ఇడ్లీ ముక్క చేతిలోనే ఉండిపోయింది. మీకు సుత తప్పులైతయా నానమ్మా అంది కల్పలత. ఎవరూ నవ్వలేదు.
ఇప్పుడెందుకే ఇదంతా అన్నారాయన. మీరు మళ్ళీ నాతో చెప్పాలి గనక అన్నాను. ఒట్టి వంకైనా చెప్పండి, నమ్ముతాను అన్నాను. కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను. పిల్లలు చూశారు. చూడనీ.
ఆయన చట్నీ వెయ్యమన్నారు. అంతే.

27 జూన్, బుధవారం
పంటినొప్పట. పొద్దున్నించీ మూలుగుతున్నారు. పని మానేసి, పక్కన కూర్చుని వింటున్నాను.