అమ్మ చెట్టుకు పుప్పొడి

జువైనా అక్కకు చెల్లెలి సలాం.

మా ఆయన పర్యాటకులకు పాడుబడ్డ కోటలు చూపించడానికి ఎడారి దారిన వెళ్తూ, నన్నూ కారులో ఎక్కించుకున్నాడు. ఖాళీ అయిపోయిన మన ఊరు కూడా ఇప్పుడు వాళ్లకు చూపించే చోటే. మంచం పట్టిన అమ్మ, "నా ఖర్జూర చెట్టుకు పుప్పొడి కట్టి రావే, లేకపోతే ఈ ఏడు కాయదు" అంది. చెట్టు పూతలో కట్టాల్సిన, పుప్పొడి నిండిన మగపూల రెమ్మలు ముసుగు చెంగులో మూటకట్టి, దారంతా ఒళ్లోనే పెట్టుకున్నాను. "పసిబిడ్డనైనా ఇంత భద్రంగా పట్టుకోరే!" అని మా ఆయన ఆటపట్టించాడు.

కాలవ ఎండిపోయింది అక్కా. తోటంతా మోడులే. అమ్మ చెట్టుకు తల కూడా మిగల్లేదు. మన వంటిల్లు ముందు నిలబడి ఫొటో తీయించుకుంటూ ఒకావిడ, ఇక్కడ ఎవరుండేవారని అడిగింది. నేను చెంగులోని మూట ఇంకాస్త బిగించుకున్నాను.

అమ్మకు నిజం చెబుదామనే ఇంటికొచ్చి పక్కన కూర్చున్నాను. ఈలోగా నా ముసుగులోని పుప్పొడి వాసన ఆమెకు తగిలింది. చెంగు ముక్కు దగ్గర పెట్టుకుని, "కట్టేశావన్నమాట, నా తల్లే! కాయలు పండాక అక్కనూ రమ్మను, ముగ్గురం కలిసి తిందాం" అంటూ ఎన్నాళ్లకో నవ్వింది.

నేను ఊఁ అన్నాను.

ఆ ముసుగు ఇంకా ఉతకలేదు. రోజూ అడిగి వాసన చూసుకుంటోంది. వాసన తగ్గిపోతోంది అక్కా. కాయల కాలం రాకముందే నువ్వు రా. నేనొక్కదాన్నే ఆమెకు చెప్పలేను.

నీ చెల్లెలు