తుంచి పారేసిన గుమ్మడి పూలు

ప్రియమైన చెల్లికి,

దేవుని దయవల్ల పిల్లలూ నేనూ ఒంట్లో బాగానే ఉన్నాం. నువ్వూ బాగుండాలని రెండు పూటలా ప్రార్థనలో మోకరిస్తున్నాను. నీ ఉత్తరం అంది తొమ్మిది రోజులైంది. పంక్చర్ షాపులో పని తెమలలేదని రాయబోయాను. పని తెమిలింది, నీకు రాయడానికే మొహం చెల్లలేదు.

చిన్నది జడలు తనే వేసుకుంటోంది, ఒకటి తూర్పుకి, ఒకటి పడమరకి. పెద్దది అన్నం మాడ్చడం మానేసింది, ఇప్పుడు పలుకు మీదే దించేస్తోంది. నా మోకాలు ఎప్పటిలాగే ఉంది.

నువ్వు పెట్టిన గుమ్మడి పాదు ఎన్ని కాయలు కాసిందని అడిగావు. ఒక్కటీ కాయలేదమ్మా. తీగ స్నానాలగది కప్పు దాకా పాకింది. పిందెలు మాత్రం గోలీకాయంత అయ్యి, పసుపెక్కి రాలిపోయాయి. నేను పాదు దగ్గర నిలబడి పురుగునీ, ఎండనీ, సైతానునీ గద్దిస్తుంటే, పక్కింటి దర్జీ అక్క గోడ మీద నుంచి తొంగి చూసింది.

"అయ్యగారూ, పొడుగు కాడల పూలేవీ?"

"కాయనివెందుకని రోజూ తుంచేస్తున్నాను."

"అయ్యో రాత! అవి మగపూలండీ. వాటి పుప్పొడి పడితేనే పిందె నిలిచేది. అంత పెద్ద గ్రంథం చదివారు, ఇంత పువ్వు చదవలేకపోయారా?"

ఎవరికైనా బైబిలు వాక్యంతో బదులు చెప్పే నేను, ఆ పూట రాలిన పిందెలు ఏరుకుంటూ కూర్చున్నాను.

నువ్వు ఊరు వదిలే ముందటి ఆదివారం నీకూ గుర్తే. అలా తుంచిన పూలే దోసిలినిండా తీసుకెళ్లి, ప్రసంగం మధ్యలో సంఘం ముందు పోశాను. "పూసీ కాయనిదానికి తోటలో చోటెందుకు? తుంచి పారెయ్యండి!" అని కేకలు పెట్టాను. తలలన్నీ నీ వరుసకేసి తిరిగాయి. పెళ్లి మాట వచ్చినప్పుడల్లా "పిల్లలు కాస్త పెరగనీ అన్నయ్యా" అని దాటేసి, తల్లి పోయిన నా బిడ్డల్ని ఏడేళ్లు సాకిన నీ వైపు. మర్నాడే నువ్వు బస్సెక్కావు.

నన్ను ఉద్దేశించే అన్నావా అని మొదటి ఉత్తరంలో అడిగావు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటావేం అని ఎకసెక్కంగా రాశాను. మొన్నటి ఉత్తరంలో మళ్లీ అదే అడిగావు.

నిన్నే అన్నాను చెల్లీ.

కష్టమొస్తే ఆడవాళ్లు నన్ను దాటుకుని నీ దగ్గరికి వచ్చేవారు. నా గొంతు వింటే పిల్లలు గదిలో దూరేవాళ్లు, నీ చెప్పుల చప్పుడు వింటే వీధిలోకి పరిగెత్తేవాళ్లు. నాకు కుళ్లు పుట్టింది. దానికి వాక్యం తొడిగి వేదికెక్కించాను. దేవుని మాటని నా కచ్చకి కర్రగా వాడుకున్నాను. ఇంతకన్నా పెద్ద పాపం గురించి నేను ఏ ప్రసంగంలోనూ చెప్పలేదు.

వచ్చే ఆదివారం ఆ వేదిక మీదే నిలబడి ఇదంతా ఒప్పుకుంటానని పిల్లలకి చెప్పాను. చిన్నది నా మొహంలోకి చూసి, "అత్త అక్కడ ఉండదుగా నాన్నా" అంది.

అందుకే ముందు నీకు రాస్తున్నాను. ఇంటికి రమ్మనే హక్కు నాకు లేదు. సెలవులకి పిల్లల్ని తీసుకొస్తాను. వాళ్లని లోపలికి పిలువు. నాతో మాట్లాడబుద్ధి కాకపోతే మాట్లాడకు, తిరుగు బస్సుకి వెళ్లిపోతాను.

ఇట్లు,
నీ దగ్గర తల దించుకున్న
అన్నయ్య