వైఫై జాబితాలో మొదటి పేరు

అమ్మలూ,

నాన్న ల్యాప్‌టాప్‌లో వైఫై వస్తోంది. నాలుగింటికి నీ ఇంటర్వ్యూ అందులోనే ఇవ్వు. అది అయ్యేదాకా అప్‌డేట్ అడిగితే ఒప్పుకోకు. నిన్నటి అప్‌డేట్‌తో సిస్టమ్‌కు గుండెలాంటి లినక్స్ కర్నెల్ మారి, వైఫై అడాప్టర్‌కు డ్రైవర్ లేకుండా పోయింది. నాన్న నోటుబుక్కు చూసి మళ్ళీ ఎక్కించాను. ముందు కర్నెల్ హెడర్లనే ఫైళ్ళు, ఆ తర్వాతే డ్రైవర్ అని ఆయన కింద గీత గీసి మరీ రాశారు. నేను తలకిందులుగా చేసి రెండుసార్లు భంగపడ్డాను. ప్రశ్న పూర్తిగా చదవమని పిల్లలకు రోజూ చెప్పే నోరు నాది.

మూడోసారికి అడాప్టర్ దీపం వెలిగి, నెట్‌వర్క్‌ల జాబితా వచ్చింది. అందులో మొదటి పేరు 'హాజరు టీచర్'.

ఇంట్లోనూ అందరి హాజరూ తీసుకుంటానని నన్ను ఆటపట్టించడానికి నాన్న తన ఫోను హాట్‌స్పాట్‌కు పెట్టిన పేరు అది. ఆయన పోయి రెండు నెలలైంది. కుర్చీలోంచి లేచి గదులన్నీ తిరిగాను. వెతికితే ఫోను నీ అలమరలో, పుస్తకాల వెనక కనిపించింది. ఇన్నాళ్ళూ నువ్వు నెట్ వాడుకుంటున్నది దాంతోనా?

మొన్న "నీకు అసలు నాన్న గుర్తొస్తారా?" అన్నాను. "స్కూలుకు టైమవుతోంది, వెళ్ళమ్మా" అన్నావు. నేను ఆ మాట అనకుండా ఉండాల్సింది.

బయలుదేరుతున్నాను. గొళ్ళెం సరిగ్గా పడటం లేదు, తలుపు గట్టిగా లాగు.

అమ్మ

ఫోను ఆపలేదు. తొమ్మిది శాతమే ఉంటే ఛార్జింగ్ పెట్టాను. ఆ హాట్‌స్పాట్ పాస్‌వర్డ్ నాకు తెలియదు. సాయంత్రం నా ఫోనుకూ కలుపు.